సారలమ్మ పేరు ఎందుకు కొట్టేశారు?

ఈ పోస్టు పొడుగ్గా ఉంటుంది. మీకు ఇది కొత్తేం కాదు, నేను రాసేవన్నీ పొడుగే. కాఫీ పక్కన పెట్టుకుని చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, సగం చదివి మాత్రం తిట్టకండి.

విషయం ఉగాది క్యాలెండరు. ఈసారి మన సంఘం తరఫున పన్నెండు నెలలకు పన్నెండు మంది తెలుగు వీరనారుల బొమ్మలతో క్యాలెండరు వేద్దామన్నారు. మంచి ఆలోచన. కుందలహళ్ళిలో, ఏఈసీఎస్ లేఅవుట్‌లో, బ్రూక్‌ఫీల్డ్‌లో మన ఇళ్ళ గోడల మీద ఏడాది పొడుగునా ఉంటుంది, పిల్లలు రోజూ చూస్తారు. సభ్యులను పేర్లు పంపమన్నారు. నేను ఒక్క పేరే పంపాను. మేడారం సారలమ్మ.

ఆదివారం జాబితా వచ్చింది. అందులో ఆ పేరు లేదు. ఎందుకని గ్రూపులో అడిగితే మూడు జవాబులు వచ్చాయి.

ఒకటి: "అంకుల్, ఆమె దేవత కదా, వీరనారి ఎలా అవుతుంది? వచ్చే ఏడు దేవతల క్యాలెండరు వేసినప్పుడు పెడదాం."

రెండు: "ఆధారాలు లేవండీ. శాసనం లేదు, పుస్తకం లేదు. జనం చెప్పుకునే కథ."

మూడు: "వాళ్ళు కోయవాళ్ళు కదా. ఇది తెలుగు వీరనారుల క్యాలెండరు."

మూడో దానికి ఆరు బొటనవేళ్ళు పడ్డాయి. లెక్కపెట్టాను. ముప్ఫై ఏళ్ళకు పైగా రైల్వేలో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, లెక్కపెట్టడం అలవాటు. ఆ ఆరుగురి పేర్లు ఇక్కడ రాయను. అందరూ నాకు ఇష్టమైనవాళ్ళే, పోయిన ఏడు నాకు ఆపరేషనైనప్పుడు వాళ్ళలో ఇద్దరు ఆస్పత్రికి భోజనం తెచ్చారు. అందుకే ఊరుకోలేకపోతున్నాను. పరాయివాళ్ళు అని ఉంటే ఫోను మూసేసి పడుకునేవాణ్ణి.

ఈ పేరు పంపాలని నాకెందుకు తోచిందో ముందు చెబుతాను. మా మనవరాలు అయిదో తరగతి. బడి లైబ్రరీ నుంచి ఒక ఇంగ్లీషు కథల పుస్తకం తెచ్చుకుంది. అమెరికాలో తెల్లవాళ్ళు ఇంకా పడమటికి జరుగుతున్న రోజుల్లో, ఒహాయో నది ఒడ్డున షావ్నీ తెగకు చెందిన ఒక పడుచుపిల్ల కథ. అడవి, పడవ, యుద్ధం, తగలబడిన మొక్కజొన్న చేలు. రెండు రాత్రుల్లో చదివేసి నా దగ్గరికొచ్చి అడిగింది: "తాతా, మనకిలాంటి అమ్మాయి లేదా?"

"ఉంది బంగారూ" అన్నాను. సారలమ్మ కథ చెప్పాను. నోరు తెరుచుకుని విన్నది. అంతా అయ్యాక, "మరి బుక్కు ఏది తాతా?" అంది. బుక్కు లేకపోతే పోనీ, గోడ మీద బొమ్మయినా ఉంటుందిలే అనుకుని కమిటీకి పేరు పంపాను. అదీ సంగతి.

కథ తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. తెలిసినవాళ్ళు క్షమించాలి.

ఇప్పటి తెలంగాణలో ములుగు జిల్లా, తాడ్వాయి మండలం, మేడారం. చుట్టూ ఏటూరునాగారం అడవి. అక్కడి కోయలు కాకతీయులకు కప్పం కట్టే సామంతులు. పెద్ద పగిడిద్దరాజు, ఆయన భార్య సమ్మక్క. వాళ్ళకు సారలమ్మ, నాగులమ్మ అని ఇద్దరు కూతుళ్ళు, జంపన్న అని కొడుకు. సారలమ్మ మగడు గోవిందరాజు. ఒకప్పుడు వరసగా కరువొచ్చింది. వానల్లేవు, పంటల్లేవు, అడవిలో గడ్డలు కూడా దొరకలేదు. కప్పం కట్టలేమన్నారు. ఓరుగల్లు నుంచి సైన్యం వచ్చింది. పగిడిద్దరాజు, గోవిందరాజు, నాగులమ్మ, సారలమ్మ యుద్ధంలో పోయారు. ఓటమి చూడలేక జంపన్న సంపెంగవాగులో దూకాడు, ఆ వాగుకు ఇప్పటికీ జంపన్నవాగు అనే పేరు. చివరిదాకా నిలబడింది సమ్మక్క. వెనకనుంచి ఎవడో పొడిచాడు. నెత్తురోడుతూ చిలుకలగుట్ట వైపు నడిచి వెళ్ళిపోయింది. వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకు ఒక చెట్టు కింద, పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికింది.

ఇది దేవతల కథలా ఉందా? నాకైతే పన్ను బకాయి కథలా ఉంది.

నేను కొన్నాళ్ళు గూడ్సు షెడ్డులో పనిచేశాను. వ్యాగను దింపుకోవడం ఆలస్యమైతే పార్టీకి డెమరేజీ పడుతుంది. కానీ వరదలొచ్చో, బందులొచ్చో ఆలస్యమైతే మాఫీకి అర్జీ పెట్టుకోవచ్చు. అర్జీ నేనే తీసుకుని నంబరు వేసి పైకి పంపేవాణ్ణి. చాలాసార్లు కొంతైనా తగ్గేది. మామూలు రైల్వే గూడ్సు షెడ్డులో ఉన్న ఆ పాటి ఏర్పాటు మేడారం వాళ్ళకు ఓరుగల్లులో దొరకలేదు. అర్జీకి జవాబుగా గుర్రాలు వచ్చాయి.

కాకతీయులకు మాఫీ అంటే ఏమిటో తెలియదని కాదు. 1244 ప్రాంతంలో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుఫానుకు కొట్టుకొచ్చి ఒడ్డుకు తగిలిన ఓడల సరుకు వెనకటి రాజులు మొత్తం లాక్కునేవారనీ, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోననీ అందులో హామీ ఇచ్చాడు. ఎవరికి? సముద్రం మీద వచ్చే బేహారులకు. గాలివానకు దెబ్బతిన్న ఓడకు అభయం దొరికింది. వాన రాక దెబ్బతిన్న అడవికి దొరకలేదు. ఎప్పుడూ అంతే, బేరం చేసేవాడికి ఒక రూలు, గడ్డలు తవ్వుకునేవాడికి ఇంకో రూలు.

ఇక మీ మూడు జవాబులకు వస్తాను.

మొదటిది, ఆమె దేవత, వీరనారి కాదు అన్నది. అయ్యా, దేవతగా పుట్టి తర్వాత యుద్ధానికి పోలేదు ఆమె. యుద్ధంలో పోయింది కాబట్టి దేవతయింది. మన ఊళ్ళ పొలిమేరల్లో ఉన్న అమ్మవార్లలో, పేరంటాళ్ళలో సగం మంది అలా వచ్చినవాళ్ళే. అన్యాయంగా పోయిన ఆడపిల్లను ఊరు మరిచిపోలేక రాయి పాతి పసుపు పూసింది. మొక్కడం అంటే వాళ్ళకు గుర్తుపెట్టుకోవడం. మీరు దాన్నే సాకుగా పట్టుకుని చరిత్ర గదిలోంచి దేవుడి గదిలోకి పంపించేస్తున్నారు. దేవుడి గదిలో పెడితే ఇక ప్రశ్నలుండవు కదా. ఎందుకు చచ్చిపోయింది, ఎవరు చంపారు, దేనికోసం అని ఏ పిల్లా అడగదు. హారతి ఇచ్చి తలుపేసుకోవచ్చు.

2012 ఫిబ్రవరిలో నేను మేడారం జాతర చూశాను. రైల్వే పాసు మీద కాజీపేట దాకా, అక్కడి నుంచి హనుమకొండ వచ్చి ఆర్టీసీ బస్సు. పస్రా దాటాక బస్సు నడిచింది తక్కువ, నిలబడింది ఎక్కువ. రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి జరిగే నాలుగు రోజుల జాతర అది. 1996లో దాన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. కోటి మందికి పైగా వస్తారని అధికారులు చెబుతారు. నేను లెక్కపెట్టలేకపోయిన గుంపు నా జన్మలో అదొక్కటే.

మొదటి రోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది. పిల్లల్లేని ఆడవాళ్ళు తడిబట్టలతో దారిలో వరసగా బోర్లా పడుకుంటారు. అమ్మను మోసుకొచ్చే కోయ పూజారి వాళ్ళ మీదుగా దాటుకుంటూ నడుస్తాడు. రెండో రోజు చిలుకలగుట్ట నుంచి సమ్మక్క దిగుతుంది. అప్పుడు పోలీసు అధికారి గాలిలోకి తుపాకీ పేల్చి వందనం చేస్తాడు. మన దేశంలో గుళ్ళు చాలా చూశాను. సర్కారు తుపాకీ దేవతకు సెల్యూట్ కొట్టడం అక్కడే చూశాను. ఆ చప్పుడు విన్నప్పుడు నా పక్కన ఒక ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ సెల్యూట్ భక్తికి కాదు, యుద్ధానికి అని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. మనకు చెప్పాల్సి వస్తోంది.

ఇంకో మాట. అక్కడ విగ్రహం లేదు. గద్దె మీద వెదురు కర్రలు, కుంకుమ భరిణె, జనం నెత్తిన మోసుకొచ్చి పోసే బెల్లం. ఆ బెల్లాన్ని వాళ్ళు బంగారం అంటారు. తమ ఎత్తు బెల్లం తూచి ఇస్తే నిలువెత్తు బంగారం ఇచ్చినట్టు. పులి మీద కూర్చోబెట్టి, నగలు దిగేసి, ముఖం తెల్లగా రంగేసిన పటాలన్నీ తర్వాత అచ్చాఫీసులు చేసిన పని.

రెండో జవాబుకు వస్తాను. ఆధారాలు లేవు, శాసనం లేదు. నిజమే, ఈ కథ మనకు రాతి మీద రాలేదు, నోటి మీద వచ్చింది. ఎందుకంటే శాసనం వేయించాలంటే రాయి కావాలి, శిల్పి కావాలి, పండితుడు కావాలి, అన్నిటికీ మించి గెలవాలి. ఓడినవాడి శాసనం ఎక్కడైనా చూశారా?

మీ జాబితాలో రుద్రమదేవి మొదటి పేజీలో ఉంది. ఉండాల్సిందే, నాకు ఆమె అంటే గౌరవం. 1262 నుంచి 1289 దాకా మగరాజులకు దీటుగా ఏలింది. ఆమె పోయిందన్న సంగతి మనకు చందుపట్ల శాసనం వల్ల తెలిసింది. బాగుంది. అయితే మేడారం మీదికి సైన్యం పంపిన రాజు పేరు జనం నోట ప్రతాపరుద్రుడు. ఆ పేరుతో కాకతీయుల్లో ఇద్దరున్నారు, రుద్రమ మనవడే అని చాలామంది చెబుతారు. అంటే మన క్యాలెండరులో పన్ను వసూలుకు సైన్యం పంపిన ఇంటి ఆడబిడ్డకు చోటుంది, ఆ సైన్యం చేతిలో చచ్చిపోయిన ఇంటి ఆడబిడ్డకు చోటు లేదు. రుద్రమను తీసేయమనడం లేదు. ఇద్దరూ పక్కపక్కన ఉంటేనే పిల్లలకు చరిత్ర అర్థమవుతుంది అంటున్నాను.

మనం ఉన్న ఊరినే చూడండి. ఇక్కడి కన్నడవాళ్ళకు ఒనకె ఓబవ్వ ఉంది. చిత్రదుర్గం కోటలో కావలివాడి భార్య. హైదరాలీ సైనికులు కోట గోడ కంతలోంచి ఒక్కొక్కరే దూరుతుంటే రోకలితో ఒక్కొక్కణ్ణే కొట్టి చంపిందంటారు. ఆమె రాణి కాదు, పెద్ద కులం కాదు. ఆమె కథా ప్రధానంగా జనం నోట బతికిందే. అయినా కర్ణాటక ప్రభుత్వం 2021 నుంచి నవంబరు 11న ఆమె జయంతి జరుపుతోంది. మా ఇంటి పక్కన కన్నడ పిల్ల బడిలో రోకలి పట్టుకుని ఓబవ్వ వేషం కట్టింది. శాసనం ఉందా అని ఏ కమిటీ అడగలేదు.

నేను చదువుకున్న తమిళనాడులో వేలు నాచియార్ ఉంది, ఆమె కోసం ఒళ్ళు తగలబెట్టుకుని తెల్లవాళ్ళ మందుగుండు గది మీద దూకిందని చెప్పుకునే కుయిలి ఉంది. కుయిలిదీ నోటి చరిత్రే ఎక్కువ. శివగంగలో ఆమెకూ స్మారకం కట్టారు. అటు తమిళులకు, ఇటు కన్నడిగులకు అడ్డు రాని ఆధారం సమస్య మన తెలుగువాళ్ళకే, అదీ కోయ అమ్మాయి దగ్గరికి వచ్చేసరికే ఎందుకొచ్చిందో ఆలోచించండి.

మూడో జవాబు. కోయవాళ్ళు, తెలుగువాళ్ళు కాదు.

ఇది చదివాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కారణం చెబుతాను, నవ్వకండి. నేను పుట్టింది పెరిగింది జోలార్‌పేట రైల్వే క్వార్టర్సులో. మా నాన్న కూడా రైల్వేనే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. పదకొండో తరగతి దాకా తమిళ మీడియం. పెళ్ళినాటికి నాకు తెలుగులో నా పేరు రాయడం రాదు. ముప్ఫై దాటాక, బెంగళూరుకు బదిలీ అయి వచ్చాక, బాలశిక్ష కొనుక్కుని నేర్చుకున్నాను. ఇప్పటికీ ఒత్తులు తప్పు పడతాయి, మీలో కొందరు దయతో దిద్దుతారు. అక్షరం రాని ఆ ముప్ఫై ఏళ్ళూ నేను తెలుగువాణ్ణా కాదా? మా నాయనమ్మ చెప్పిన కాటమరాజు కథ, బాలనాగమ్మ కథ నా దగ్గర తెలుగుగా ఉన్నాయా లేదా? నన్ను ఈ సంఘంలో చేర్చుకున్నప్పుడు, "ఏ మీడియం?" అని మీరు అడగలేదు. నా నోట్లో ఉన్న తెలుగు చాలన్నారు. నా నోటికి ఇచ్చిన మర్యాద మేడారం నోటికి ఎందుకివ్వరు?

ఇక భాష సంగతి. కోయ భాష పరాయిదేం కాదు. తెలుగు, గోండి, కోయ, కువి అన్నీ ఒకే దక్షిణ మధ్య ద్రావిడ శాఖ అని భాషా పండితులు చెబుతారు. కోయ మన తెలుగుకు తోడబుట్టింది. అయితే నేను వాళ్ళను తెలుగువాళ్ళను చేసేసి నా వాటాలో కలుపుకోవడం లేదు. వాళ్ళు కోయలు, వాళ్ళ పేరుతో వాళ్ళుంటారు. సమ్మక్క పుట్టుక గురించే రెండు కథలున్నాయి. ఒక కథలో పొలవాస దొర మేడరాజు వేటకు పోయి పులుల మధ్య ఆడుకుంటున్న పసిపాపను చూసి తెచ్చి పెంచాడు. బయటివాళ్ళు ఎక్కువగా చెప్పే కథ అదే. కోయలు చెప్పే కథలో ఆమె బయ్యక్కపేటలో కోయల ఇంట పుట్టిన బిడ్డ, పేరున్న గోత్రం, పేరున్న ఊరు. తేడా గమనించండి. మనం చెప్పేటప్పుడు ఆమె ఎవరి బిడ్డో తెలియదు, అడవిలో దొరికింది. వాళ్ళు చెప్పేటప్పుడు ఆమెకు అమ్మానాన్నలున్నారు. కథ ఎవరి నోట ఉంటే నేల వాళ్ళది. అందుకే ఆమె పేజీ కింద రాసే నాలుగు వాక్యాలూ కోయలు చెప్పినట్టే రాయమంటున్నాను.

తెలుగు వీరనారుల జాబితాలో ఎందుకంటారా? తెలుగు నేల మీద, మనం మాదంటున్న రాజ్యానికి ఎదురుగా నిలబడింది కనుక. ఆమె లేకుండా ఆ రాజ్యం కథ సగమే.

ఇప్పుడు మళ్ళీ మా మనవరాలి పుస్తకం దగ్గరికి వస్తాను. అది చదివాక నేనూ ఆ షావ్నీల గురించి కొంత తెలుసుకున్నాను. వాళ్ళలో నోన్‌హెలెమా అనే నాయకురాలు నిజంగా ఉండేది. ఆరడుగులకు మించిన మనిషి. ఆమె సోదరుడు కార్న్‌స్టాక్ కూడా నాయకుడే. 1777లో ఆయన రాండాల్ఫ్ కోటకు మాట్లాడటానికి వెళ్తే పట్టి ఉంచి, అక్కడే చంపేశారు. సోదరుణ్ణి చంపిన తర్వాత కూడా ఆమె శాంతి కోరింది. దాడి జరగబోతోందని ఆ కోటవాళ్ళకు ముందుగా కబురు చేసి వాళ్ళ ప్రాణాలు కాపాడింది. యుద్ధం అయిపోయాక 1785లో ఒహాయో ప్రాంతంలో తనకు వెయ్యి ఎకరాలు ఇవ్వమని అమెరికన్ కాంగ్రెసుకు అర్జీ పెట్టుకుంది. భూమి ఇవ్వలేదు. రోజువారీ రేషను, ఏడాదికోసారి బట్టలు, దుప్పటి మంజూరు చేశారు. తన నేల మీద తనకు పింఛను!

1795లో గ్రీన్‌విల్ ఒప్పందం, 1830లో తెగలను పడమటికి తరిమే చట్టం. ఇవాళ షావ్నీ పేరున్న మూడు తెగలకూ కేంద్రం ఓక్లహోమా, ఒహాయో కాదు. ఒహాయోలో చిల్లికోతీ అనే ఊరు మాత్రం ఉంది. ఆ పేరు షావ్నీలదే. ఊరి పేరు మిగిలింది, ఊరివాళ్ళు మిగల్లేదు. ఆ తర్వాత వాళ్ళ అమ్మాయిల మీద కథల పుస్తకాలు రాసుకున్నారు. నేల తీసుకున్నాక మనిషిని మెచ్చుకోవడం తేలిక. ఖర్చేమీ ఉండదు.

మనం అలా కాదు అంటారా? చూద్దాం. ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనుల భూమి బయటివాళ్ళకు పోకుండా 1917లో తెల్లవాళ్ళే ఒక చట్టం చేశారు. 1959లో ఇంకో రెగ్యులేషన్, 1970లో దాన్ని బిగించారు. అదే అందరూ అనే 1/70. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడికి భూమి బదిలీ చెల్లదు. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు అక్కడి భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వడం కూడా కుదరదని చెప్పింది. ఇన్ని ఉన్నా బినామీ పేర్లతో భూములు పోతూనే ఉన్నాయని అందరికీ తెలుసు. పోలవరం కోసం 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు మార్చారు. నీళ్ళ కింద పోయే ఊళ్ళలో లక్ష కుటుంబాలకు పైగా ఉన్నాయి. వాళ్ళలో పెద్ద భాగం కోయలు, కొండరెడ్లు. నీళ్ళు మన పొలాలకు, మునక వాళ్ళ ఊళ్ళకు. ఆనకట్ట వద్దనేవాణ్ణి కాదు నేను, నీటి కష్టం తెలిసినవాణ్ణే. కానీ బిల్లు ఎవరి పేరున వచ్చిందో చూడకుండా సంతకం చేసే గుమాస్తాను కూడా కాదు.

మన గ్రూపులోనే పోయిన నెల ఒక ప్రకటన వచ్చింది. ఏజెన్సీలో ఫామ్ ప్లాట్లు, కొండ వ్యూ, వాగు పక్కన, "పేపర్లు మేనేజ్ చేస్తాం" అని. దాని కింద పదకొండు మంది "డీటెయిల్స్ ప్లీజ్" అని రాశారు. ఆ పదకొండులో, మూడో జవాబుకు బొటనవేలు ఎత్తిన ఆరుగురిలో ఇద్దరున్నారు. నేను దెప్పడం లేదు. వాళ్ళకు 1/70 సంగతి తెలియక రాసి ఉంటారు. కానీ ఈ రెండూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి. ఆమె పేరు మనకు వద్దు, ఆమె కొండ మనకు కావాలి.

నేను మాత్రం శుద్ధుణ్ణా అంటే కాదు. ఈ కుందలహళ్ళిలో నేను కొన్న ఫ్లాటు కింద ఉన్న నేల ఒకప్పుడు ఎవరిదో రాగి చేను. వాళ్ళు అమ్మారు, బిల్డరు కొన్నాడు, నేను బిల్డరు దగ్గర కొన్నాను. వాళ్ళకు ఎంత ముట్టిందో నేను అడగలేదు. ఇప్పుడు అదే చెరువు చుట్టూ పొద్దున నడక చేస్తూ, ఊరి పాతవాళ్ళు ఎటుపోయారా అని అనుకుంటూ ఉంటాను. అందుకే ఈ విషయంలో నా గొంతు ఎంత పెద్దదైనా, అందులో కొంత నన్ను నేను తిట్టుకోవడమే.

చివరిగా ఒక సంగతి. పోయిన సంక్రాంతి ఫ్యాన్సీ డ్రెస్సులో ఒక చిన్నపిల్లకు ఒంటినిండా నల్లరంగు పూసి, ఆకులు కట్టి, తలమీద ఈకలు పెట్టి, "ట్రైబల్ గర్ల్" అని స్టేజీ ఎక్కించాం. పాప "ఝింగాలాలా" అని గెంతింది, మనం చప్పట్లు కొట్టాం, రెండో బహుమతి ఇచ్చాం. బహుమతి అందించింది నేనే. ఫోటో నా దగ్గర ఉంది. తలమీద ఈకలు అమెరికావి, ఆకులు సినిమావి, ఝింగాలాలా ఎవరిదీ కాదు. ఆ పిల్ల తప్పేం లేదు, తల్లిదండ్రుల తప్పూ తక్కువే. వాళ్ళకు సారలమ్మ పేరు ఎవరూ చెప్పలేదు. చెప్పే పని మనది. ఆ పని చేయడానికే కదా ఏడాదికి చందా కట్టి ఈ సంఘం పెట్టుకున్నాం.

కాబట్టి కమిటీ పెద్దలకు నా విన్నపం, అర్జీ అనుకోండి. ఇంకా అచ్చుకు పోలేదని తెలుసు.

ఒకటి. మాఘ మాసం పేజీ సారలమ్మకు ఇవ్వండి. జాతర ఆ నెలలోనే కదా. ఆ పేజీలో ఇప్పుడు ఉన్నావిడ పేరు తీయక్కర్లేదు, ఆమెకూ సగం పేజీ చాలు. లేదా పదమూడో పేజీ వేయండి. దాని అచ్చు ఖర్చు నా పింఛనులో నుంచి ఇస్తాను.

రెండు. బొమ్మలో పులి వద్దు, కిరీటం వద్దు, ఈకలు అసలే వద్దు. గద్దె, వెదురు, కుంకుమ భరిణె, బెల్లం దిమ్మ. అంతే చాలు.

మూడు. కింద రాసే వాక్యాల్లో "కరువులో పన్ను కట్టలేమన్నందుకు వచ్చిన సైన్యంతో పోరాడి చనిపోయింది" అనే మాట ఉండాలి. వీరమరణం అని ఒక్క ముక్కలో తేల్చేయవద్దు. ఎందుకు చచ్చిపోయిందో రాయకపోతే రాయకపోవడమే మేలు.

నాలుగు. ఏజెన్సీ ప్లాట్ల ప్రకటనలు మన గ్రూపులో ఇక పెట్టనివ్వకండి.

ఈ నాలుగులో మొదటి మూడూ ఒప్పుకుని నాలుగోది తీసేస్తే మాత్రం, దయచేసి మొదటి మూడూ కూడా తీసేయండి. రేషను, దుప్పటి ఇచ్చి భూమి ఇవ్వకపోవడం ఎలా ఉంటుందో పైన రాశాను.

వచ్చే ఆదివారం మీటింగుకు వస్తాను. మనవరాలు కూడా వస్తానంటోంది. ఆమె అడిగిన ప్రశ్న నేను ఇక్కడ రాశాను, జవాబు మాత్రం మీరు ఆమె ముఖం చూసి చెప్పాలి.

తప్పులుంటే దిద్దండి. ఒత్తులవి కూడా.